సున్నం, ఒక బస్తా

లాలాగూడ గ్రౌండ్‌ల గీతలు గీసే సున్నం,
ఒక బస్తా: నూట నలభై రూపాయలు.
పగిలిన బంతి కుట్టినందుకు చెప్పుల దుకాణం గంగారాంకు: ఇరవై.
గోల్‌కీపర్ రూబెన్‌కు ఉడకబెట్టిన గుడ్లు:
రాయలేదు, మా ఇంట్లకెల్లి పోయినయి.

ఇరవై రెండేండ్లు ఈ పుస్తకం నా దగ్గరనే ఉంది.
రైల్వే స్టోర్స్‌ల బోల్టులు లెక్కపెట్టిన చెయ్యి,
పైస తప్పనియ్యదు.
కానీ క్లబ్బు ఎన్నడు లాభంల లేదు.
ఎర్ర సిర పేజీలే ఎక్కువ,
మన జెర్సీ గూడ ఎరుపే గద అని నవ్వుకునేటోళ్లం.

నడుమ ఒక ఏడు రూబెన్ మోకాలు తిరిగింది.
ఆపరేషన్‌కు లక్షా డెబ్బై వేలంటే
కోచ్ ఖుద్దూస్ సాబ్ తన టోపీ తిరగేసి పట్టుకొని
వర్క్‌షాప్ గేటు ముంగట నిలబడ్డడు.
సైరన్ మోగినంక షిఫ్టు దిగిన మనుషులు,
పదులు, ఇరవైలు.
పదకొండు వేల మూడు వందల ముప్పై.

అప్పుడొచ్చిండు కొండాపూర్ నుంచి ఆ పిలగాడు.
పిలగాడే, నా చిన్నబిడ్డ కంటె చిన్నోడు.
తెల్ల బూట్లకు మా ఎర్రమట్టి అంటితే
దులుపుకోలేదు. అది చూసి నమ్మిన.
మొదటి నెల్లనే రూబెన్ మోకాలు బాగుచేయించిండు.
ఇది రాయకపోతే నా పుస్తకం అబద్ధమైతది.

కాగితాలు ఇంగ్లీషుల ఉన్నయి, నలభై ఒక్క పేజీ.
నాకు ఇంగ్లీషు వస్తది. సదివిన.
క్లబ్బు పేరు, గుర్తు, రంగు,
ఇకముందు కలగబోయే సమస్త హక్కులు.
పేరుకు వెల ఎట్ల కట్టాలెనో
నా స్టోర్స్ రిజిస్టర్ల ఎన్నడు రాయలె.
పన్నెండు చేతులు లేచినయి.
ఖుద్దూస్ సాబ్ కిటికీ దిక్కు చూసిండు.
పదమూడో చెయ్యి నాది, కొంచెం ఆలస్యంగ.

ఎరుపు నీలమైంది.
గుండె మీది రైలింజను పోయి డేగ వచ్చి వాలింది.
లాలాగూడల డేగను చూసినోళ్లు లేరు.
ఆట శామీర్‌పేట అవతలికి పోయింది:
ఫ్లడ్‌లైట్లు, ప్లాస్టిక్ గడ్డి,
రెండు బస్సులు మారి చేరేసరికి సగమాట అయిపోతది.
ఘానా నుంచి క్వామె అని ఒకడు దిగిండు.
మంచోడు, మా ఇంట్ల తిన్నప్పుడల్ల
పచ్చిపులుసు గిలాసల పోయమనేటోడు.
పిల్లల జట్టును తీసేసిన్రు.
ఎందుకంటే ఆ పిలగాడు ఫోన్ల పట్టిక చూపిండు:
పదమూడేండ్ల లోపు, రాబడి సున్న.
నిజమే.
నా పుస్తకంల గూడ ఆ గడి ఎన్నడు నిండలేదు.
అది గడి అని గూడ నాకు తెల్వకుండె.

చివరి ఆటకు జనాన్ని లెక్కపెట్టిన.
అరవై నలుగురు. అండ్ల పన్నెండు మంది సెక్యూరిటీ.

రెండో వానకాలం
భూముల ధర పడ్డదన్నరు.
పడ్డది యాడనో మోకిల దిక్కు,
జీతాలు ఆగింది మా దగ్గర.
తర్వాత ఫోన్ ఎత్తలేదు.
మెసేజ్ మాత్రం వచ్చింది, మర్యాదగనే ఉంది,
మా అందరి ప్రయాణానికి ధన్యవాదాలట.
క్వామె టికెట్ కోసం మల్ల గేటు ముంగట టోపీ.
ఈసారి రూబెన్ పట్టుకున్నడు,
బాగైన ఆ మోకాలు మీద నిలబడి.

మొన్న ఆదివారం పొద్దుగాల గ్రౌండుకు పోయిన.
గోల్ జాగల పల్లేరు ముండ్లు.
అఫ్రోజ్, జోయెల్, ఇస్త్రీ డబ్బా సుగుణమ్మ బిడ్డ
ఇటుకలు పెట్టుకొని ఆడుతున్నరు.
"తాతా, మన టీం పేరేంది? పోటీకి ఫారం నింపాలె"
అన్నది ఆ పిల్ల, చెమట తుడుచుకుంట.

పేరు ఉంది బిడ్డా.
కొండాపూర్ల ఏదో బీరువాల ఉంది.
వాడుకుంటే నోటీసొస్తది.

కొత్త పుస్తకం కొన్న, ముప్పై ఐదు.
అట్ట మీద పేరు రాసే జాగ ఇంక ఖాళీగనే ఉంది.
లోపల మాత్రం మొదటి పద్దు పడ్డది:
సున్నం, ఒక బస్తా. మూడు వందల పది.
షాపాయన సగమే తీసుకున్నడు.
మిగిలింది బాకీ అని
ఎర్ర సిరతోనే రాసిన.